పెద్దలు ఇద్దరు, పిల్లలు సున్నా

సూరత్‌లో మొగుడూ పెళ్ళాలు పిల్లల్ని వదిలేసి ఇద్దరే ఊరు దాటితే లోకం ఒప్పుకునే కారణాలు రెండే. ఒకటి పెళ్ళి, ఇంకోటి పరామర్శ. మూడోది డామన్, కానీ దాన్ని పైకి అనరు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. ఇక్కణ్ణుంచి నూట ఇరవై కిలోమీటర్లు కిందికి దిగితే కేంద్రపాలిత ప్రాంతం, అక్కడ ఆ బెడద లేదు. డామన్ 1961 డిసెంబరు దాకా పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉండేదనీ, మోటీ డామన్ కోట, అందులోని చర్చిలు చూసి తీరాలనీ ఎంత చెప్పినా మా మార్కెట్లో చెవిన పెట్టేవాడు లేడు. "శనివారం డామన్ పోతున్నా" అన్నవాణ్ణి "కోట చూడ్డానికా?" అని అడిగిన మనిషి నాకింతవరకు తగల్లేదు.

అందుకే మా ఆవిడ తన మనసులో మాట బయటపెట్టినప్పుడు నాకు డబ్బు గురించిన దిగులు తర్వాత పుట్టింది, నలుగురికి ఏం చెప్పాలన్నది ముందు పుట్టింది. ఆమె అడిగింది పెద్ద గొంతెమ్మ కోరికేం కాదు. థీమ్ పార్కు పక్కనే రిసార్ట్. రెండు రాత్రులు. మేమిద్దరమే.

నేను రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో ఒక ఆడతియా (కమీషన్ ఏజెంటు) దగ్గర లెక్కలు రాస్తాను. మా బాపు సిరిసిల్ల నుంచి సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి ఇక్కడికొచ్చి, గోడాదరాలో ఇల్లు కట్టుకుని, ఇక్కడే కాలం చేశాడు. మా అమ్మ మాత్రం శరీరం సూరత్‌లో, ప్రాణం సిరిసిల్లలో పెట్టుకుని బతుకుతోంది. సంగతి చెప్పగానే ఆమె పప్పు ఏరడం ఆపి నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"పిల్లల్ని ఇడిశిపెట్టి పెద్దోళ్ళు రంగులరాట్నం ఎక్కుతర్రా? ఇద్దరే పోయేదుంటె ఎములాడ పోయి రాజన్నకు కోడెను కట్టుండ్రి."

మా అమ్మాయి కాలేజీలో బీకాం. అది జాలిపడింది. "పప్పా, అక్కడ మీరిద్దరు ఏం చేస్తరు?" అంది. పదకొండో తరగతి చదివే మావాడికైతే ఇది హక్కుల సమస్య. తను లేకుండా రోలర్ కోస్టర్ తిరుగుతుందన్న విషయమే వాడికి మింగుడుపడలేదు. పక్కింటి భాభీకి అర్ధగంటలో కబురు అందింది. ఆమె గుమ్మంలోకొచ్చి వేసిన మొదటి ప్రశ్న, "ఛోకరావ్ క్యా?" పిల్లలెక్కడ అని. మేమింకా బయలుదేరనే లేదు.

అసలు మా ఆవిడకు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెప్పాలి. పెళ్ళయినప్పటి నుంచి మేం పార్కులకు పోతూనే ఉన్నాం. పిల్లలు ఎక్కనిది లేదు, నేను వాళ్ళకు తోడుగా ఎక్కనిది లేదు. అన్ని పార్కుల్లోనూ ఆమెది మాత్రం ఒకటే రైడ్: బ్యాగుల దగ్గర కూర్చోవడం. తడి తువ్వాళ్ళు, చెప్పుల జతలు, సగం తిన్న థేప్లా పొట్లం, నలుగురి ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని, మేం అరుస్తూ కిందికి జారుతుంటే చెయ్యి ఊపేది. వాల్ట్ డిస్నీ కూడా లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే బెంచీ మీద కూర్చుని పల్లీలు తినేవాడట. పిల్లలతో పాటు పెద్దలూ ఆడుకునే చోటొకటి ఉండాలని ఆ బెంచీ మీదే తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955లో డిస్నీలాండ్ తెరిచాడు. మగవాడు గనక బెంచీ మీద కూర్చోవాల్సి వస్తే పార్కే కట్టేశాడు. మా ఆవిడ ఇన్నేళ్ళు కూర్చుని, కట్టమనలేదు, తీసుకుపొమ్మంది.

సరే, ఎక్కడికి?

డుమస్ లెక్కలోకి రాదు. అది మా ఊరి సముద్రం. నల్లటి ఇసుక, ఒంటెలు, టమాటా భజియాలు. టమాటాను చక్రాల్లా కోసి, ఒక వైపు కారంగా పచ్చ చట్నీ పూసి, శెనగపిండిలో ముంచి వేయిస్తారు. కొరికితే లోపలి రసం నాలుకను కాల్చి మరీ పలకరిస్తుంది. రుచికి తిరుగులేదు. కానీ ఆదివారం సాయంత్రం సూరత్ మొత్తం అక్కడే ఉంటుంది గనక ఏకాంతం కోరేవాళ్ళు ఇంట్లో ఉండిపోవడమే మేలు.

ఊళ్ళోనే అమేజియా ఉంది, వాటర్ పార్క్. చిక్కేమిటంటే వాటర్ పార్కులో నూలు బట్టలు పనికిరావు, నైలాన్ తొడుక్కోవాలి. నూలు పోగులు ఊడి నీళ్ళ ఫిల్టర్లకు అడ్డం పడతాయి. మా తాత సిరిసిల్లలో నూలు నేశాడు, బాపు సూరత్‌లో పాలిస్టర్ నేశాడు. ఇక నేను నైలాన్ నిక్కరులో మా సేఠ్‌కు ఎదురుపడి నమస్తే చెప్పాలన్నమాట. అటువంటి సమయంలో కూడా ఆయన నా నిక్కరు బట్టను రెండు వేళ్ళతో పట్టి చూసి మీటరు ఎంతకు పడిందో అడగగల మనిషి. వద్దనుకున్నాం.

ఏక్తా నగర్ మీద కొంతసేపు నిలబడ్డాం. నర్మద ఒడ్డున గుడారాల్లో బస, సర్దార్ పటేల్ విగ్రహం. విగ్రహం ఎత్తు 182 మీటర్లు, గుజరాత్ అసెంబ్లీలో సీట్లూ 182. అక్కడొక పిల్లల పోషకాహార పార్కు కూడా ఉంది. చిన్న రైలెక్కిస్తే ఫలశాక గృహం, పయోనగరి, అన్నపూర్ణ అని స్టేషన్లు వస్తాయి. కూరగాయలు తినాలి, పాలు తాగాలి అని బోధిస్తుంది ఆ రైలు. మా ఆవిడ చదివి ఫోన్ పక్కన పెట్టింది. "రోజూ ఇంట్ల నేను మొత్తుకునేది గదే గదా. టికెట్ కొని ఇనాల్నా?"

మనవాళ్ళ వైపు చూద్దామంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996 నుంచి నడుస్తోంది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళు రాసిచ్చారు, లోపలే సితార, తార అని హోటళ్ళు. 2016లో రావిర్యాల దగ్గర వండర్లా వచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి, హైదరాబాద్ ఒక్కటే అడ్డం. మాకు రైలంటే నవజీవన్. అది వరంగల్ మీదుగా పోతుంది, వరంగల్ మా అత్తగారి ఊరు. బండిలో ప్రతి పెట్టెలో ఇద్దరు ముగ్గురైనా తెలిసినవాళ్ళు ఉంటారు. అల్లుడూ బిడ్డా హైదరాబాద్ దాకా వచ్చి గడప తొక్కకుండా ఎక్కడో హోటల్లో దిగారంటే మా మామ అన్నం ముట్టడు. గడప తొక్కితే మమ్మల్ని వదలడు. ఆయన దగ్గర్నుంచి తప్పించుకుంటే ఉప్పల్‌లో మేనత్త, కూకట్‌పల్లిలో చిన్నక్క, ఎల్బీనగర్‌లో ఒకప్పుడు మా బాపుతో కలిసి సాంచాలు నడిపిన కాకా. రెండు రాత్రుల ఏకాంతం మటన్ కూరల్లో కలిసిపోతుంది.

చివరికి మిగిలింది ఖోపోలీ. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్ వేకు దగ్గర ఇమాజికా, 2013లో తెరిచారు, ఆనుకునే పెద్ద హోటల్. సూరత్ నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. చుట్టాలు లేరు, మార్కెట్ వాళ్ళూ తక్కువే. అక్కడొక పడవ రైడ్‌కు రాజాసారస్ పేరు పెట్టారు. ఆ రాక్షసబల్లి ఎముకలు దొరికింది మన గుజరాత్‌లోనే, అప్పటి ఖేడా జిల్లా రాహియోలీలో. పేరులో నర్మద కూడా ఉంది, రాజాసారస్ నర్మదెన్సిస్ అని 2003లో పెట్టారు. గుజరాతీ డైనోసార్‌ను చూడ్డానికి మహారాష్ట్ర పోవడంలో వింతేముంది, సూరత్‌లో నేసిన చీరలు జనం హైదరాబాద్ వెళ్ళి కొంటారు.

గదుల వేట మా ఆవిడ చేతిలోకి తీసుకుంది. ఆ చుట్టుపక్కల ఉన్న రిసార్టులన్నిటి మీదా జనం రాసిన మంచీ చెడ్డా చదివింది. ఆమె పద్ధతి తలకిందులు. "ఇక్కడ పిల్లలకు చేయడానికి ఏమీ లేదు" అని ఎవరైనా కోపంగా ఒక్క నక్షత్రం ఇస్తే ఆ రిసార్ట్ పేరు కాగితం మీదికెక్కేది. "మా బాబు ఇక్కడి నుంచి రానని ఏడ్చాడు" అని అయిదు నక్షత్రాలు ఇస్తే కొట్టివేత.

ఫోన్లు చేయడం నా వంతు. ఒకచోట పిల్లాడు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఎంతమంది సార్?"

"పెద్దలు ఇద్దరు."

"పిల్లలు?"

"సున్నా."

"అయిదేళ్ళలోపు వాళ్ళకు ఫ్రీ సార్, చెప్పొచ్చు."

"లేరు బాబూ."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి, "సారీ సార్" అన్నాడు. ఇద్దరున్నారు, ఇంట్లో ఉన్నారు, నిక్షేపంగా ఉన్నారు అని నేను సర్దిచెప్పేసరికి అతనికి కొత్త అనుమానం వచ్చింది. "అయితే హనీమూనా సార్?" పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిందన్నాను. "కంగ్రాచులేషన్స్ సార్! యానివర్సరీ ప్యాకేజీ ఉంది, మంచం మీద గులాబీ రేకులు, హృదయం ఆకారంలో కేకు." రేకులెవరు ఊడుస్తారని వెనక నుంచి మా ఆవిడ అడిగింది. తర్వాత ఎన్ని చోట్ల అడిగినా ఇదే వరస. ఫ్యామిలీ ప్యాకేజీలో పిల్లల భోజనం ఉంటుంది, హనీమూన్ ప్యాకేజీలో రేకులు ఉంటాయి, కంపెనీల ప్యాకేజీలో తాడులాగే పోటీ ఉంటుంది. నలభై దాటిన మొగుడూ పెళ్ళాలు ఊరికే వచ్చి ఆడుకుని పడుకుంటామంటే దానికి పేరున్న ప్యాకేజీ ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

ఇక ముహూర్తం. చీరల మార్కెట్ మనిషికి సెలవంటే దీపావళి. షట్టర్లు దించితే మళ్ళీ లాభ్ పాంచమ్‌కే లేపుతారు. బళ్ళకు కూడా అప్పుడే, ఇరవై ఒక్క రోజులు. అంటే నాకు తీరిక దొరికిన వారంలోనే దేశంలోని పిల్లలందరికీ తీరిక. మన పిల్లల్ని ఇంట్లో వదిలి ఊరి పిల్లలందరి మధ్యకు వెళ్ళడం దేనికి? పంచాంగం తిరగేస్తే దారి దొరికింది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మనకు ధనుర్మాసం, ఇక్కడివాళ్ళకు కమూర్తా. పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే చీరలు కదలవు, చీరలు కదలకపోతే సేఠ్ కొంచెం మెత్తబడతాడు. కొత్త సంవత్సరం రద్దీ పోయాక, ఉత్తరాయణానికి ముందు, ఒక మంగళవారం. బళ్ళు నడుస్తుంటాయి. పిల్లలన్నవాళ్ళు ఎక్కడా ఉండరు. ఇంత చక్కటి లెక్క నా ఖాతా పుస్తకాల్లో కూడా ఎప్పుడూ తేలలేదు.

పార్కు ముందు ట్యాక్సీ దిగేసరికి పసుపు రంగు బస్సులు బారులు తీరి ఉన్నాయి. స్కూలు పిక్నిక్‌లు. జనవరిలో బళ్ళు నడుస్తాయి నిజమే, నడుచుకుంటూ పార్కులకే వస్తాయి. ఒక్కో బడికి ఒక్కో రంగు టోపీ. ఎర్రటోపీలు, నీలంటోపీలు, మెడలో ఈలలు వేసుకున్న టీచర్లు. మా ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పోనియ్, మనయి గావు గద" అని లోపలికి నడిచింది. ఆ మాటలోని హాయి పిల్లల్ని పెంచినవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళకు దాహం వేస్తే మేం లేవక్కర్లేదు, మోకాలు గీరుకుపోతే మేం ఊదక్కర్లేదు.

ఆమె నేరుగా నైట్రో దగ్గరికి పోయింది. కాళ్ళ కింద నేల ఉండని రోలర్ కోస్టర్ అది, మనిషిని తలకిందులు చేసి తిప్పుతుంది. లింబాయత్ మలుపులో రిక్షా కాస్త ఒరిగితే "నెమ్మదిగ, నెమ్మదిగ" అని అరిచే మనిషి దాన్ని తలెత్తి చూసి పుస్తెలతాడు జాకెట్‌లోకి దోపి, పిన్నీసు పెట్టుకుంది. కళ్ళద్దాలు నాకిచ్చింది, చెప్పులు విడిచింది. ఇద్దరం కలిసి వరస దాకా వచ్చాక నాకు బోర్డు కనిపించింది. నడుంనొప్పి, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్ళు ఎక్కరాదు. ఎత్తు చాలని పిల్లలకు ఒక గీత, బీపీ ఎక్కువైన పెద్దలకు ఒక బోర్డు. నేను పొద్దున టిఫినుకు ముందు బిళ్ళ వేసుకునే వర్గం.

"లాకర్ తీసుకుందామా?" అన్నాను.

"దండుగ పైసలెందుకు? నువ్వున్నవు గద," అని బ్యాగు నా ఒళ్ళో పెట్టి ఎర్రటోపీల మధ్య కలిసిపోయింది. పిల్లలు "ఆంటీ, ఆగే ఆవో" అని ఆమెను మొదటి వరసకు సాగనంపారు.

బెంచీ మీద నా పక్కన ఒక మాస్టారు వచ్చి కూర్చున్నాడు. ఆయన ఒళ్ళో కూడా సంచులే. హిందీలో పలకరించాడు. "మీ పిల్లలు ఎందులో ఉన్నారు?"

"ఇంట్లో ఉన్నారు."

ఆయన నన్నూ, నా ఒళ్ళో ఉన్న ఆడవాళ్ళ చెప్పులనూ చూశాడు. "మరి మీరెందుకొచ్చారు?"

"మా ఆవిణ్ణి ఆడించడానికి." పైన బండి తిరగబడింది. అన్ని గొంతుల మధ్యా ఒక గొంతు "ఓరి నాయనో" అని తెలుగులో వినబడింది. సాంచాల చప్పుడు మీద మాట వినిపించడం అలవాటైన ఇల్లు మాది, గొంతుకు లోటు లేదు. దిగి వచ్చి నీళ్ళడిగింది, తాగింది, మళ్ళీ వరసలోకి పోయింది. నేను థేప్లా పొట్లం విప్పాను.

సూరత్ నుంచి ఇలాంటి ప్రయాణం పెట్టుకునే దంపతులకు నా సలహా ఇది. దీపావళి వద్దు, కమూర్తా మంచిది, కానీ ఆ రోజు స్కూళ్ళ బుకింగ్ ఉందో లేదో పార్కుకు ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లల కొలను వైపు కాకుండా వెనక వైపు గది అడగండి, ఉదయం టిఫిను ఎన్నింటి దాకా పెడతారో ముందే తేల్చుకోండి. ఏ ప్యాకేజీ అంటగట్టినా రేకులు మాత్రం వద్దనండి. బయలుదేరేముందు ఇద్దరూ బీపీ చూపించుకోండి. ఎవరిది ఎక్కువుంటే బ్యాగు వాళ్ళదే.