యాళికి ఎముకల డాక్టరు

లేని జంతువుకు ఎముకలు సరిగ్గా లేవట. కంప్యూటర్ తెర మీద బొమ్మలు చెక్కే మన హైదరాబాద్ కుర్రాళ్లు ఒకరి పనికి ఒకరు చెప్పుకునే తీర్పుల్లో ఇంత ముచ్చటైనది మరొకటి లేదు.

పాతబస్తీలో శాలిబండ సందు. కింద కొట్లో మగ్గం పని. పైగదిలో ఒక కుర్రాడు జీబ్రష్ తెరిచి కూర్చున్నాడనుకోండి. జీబ్రష్ అంటే తెర మీది బంకమన్ను. గుండ్రటి ముద్దొకటి ఇస్తుంది, పెన్నుతో లాగి, నొక్కి, గీరి అందులోంచి ప్రాణిని మనమే బయటికి తియ్యాలి. కొనే స్తోమత లేనివాళ్లకు అలాంటిదే బ్లెండర్ ఉంది, ఉచితం. మనవాడు సింహం ఒంటికి ఏనుగు తొండం పెట్టాడు. వీపున రామచిలుక రెక్కలు తొడిగాడు. తోక ఏం పెట్టాలో తోచక మొసలిది తగిలించాడు. అర్ధరాత్రి దాటాక చూసుకుంటే ఆ మృగానికి ఎలాగో తన మేనమామ చూపు వచ్చి కూర్చుంది. అక్కడితో కంప్యూటర్ కట్టేసి పడుకుంటే బొమ్మ బతికేది. తెల్లారి నలుగురు తోటి ఆర్టిస్టులను పిలిచి, "ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి భాయ్, మొహమాటం వద్దు" అన్నాడు.

"అనాటమీ తేడా కొడుతుంది బ్రో" అన్నాడు మొదటివాడు. ఏ జంతువు అనాటమీ అని అడక్కూడదు. అడిగితే ఆర్టిస్టుకు ఈగో ఉందంటారు. "కాళ్లు నాలుగు, రెక్కలు రెండు, మొత్తం ఆరు. వెన్నెముక ఉన్న జంతువుకు నాలుగే ఉంటయి, ఎట్ల కుదురుతది?" అని రెండోవాడు లెక్క తీశాడు. ముందుకాళ్లు పోయాయి. తొండంలో ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదన్నాడు మూడోవాడు. తొండంలో ఎముకే ఉండదు, అంతా కండరమే. కానీ అంత ధీమాగా తీర్పు వచ్చినప్పుడు ఏనుగు మాత్రం ఏం చేస్తుంది? తొండం కురచై మూతి అయింది. మెడ గీత కనబడటం లేదని జూలు తీసేయించాడు నాలుగోవాడు. చిలకపచ్చ కార్టూన్‌లా ఉందన్నారు, బూడిద రంగు వచ్చింది. మేనమామ చూపు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. కళ్లు చిన్నవి చేసి, పళ్లు పెంచి, నోరు బాగా తెరిపించమన్నారు, అంతే. వారం తిరిగేసరికి తెర మీద రెండు కాళ్ల మీద నిలబడి అరుస్తూ, ఈకలు పీకిన నాటుకోడి లాంటిదొకటి తయారైంది. నలుగురూ చూశారు. "ఇప్పుడు సెట్ అయింది బ్రో. కాకపోతే కొత్తదనం లేదు. ఎక్కడో చూసినట్టుంది."

చూసే ఉంటారు. నలుగురి దగ్గరా ఉన్న బొమ్మ అదే.

ఈ వైద్యంలో అన్ని జబ్బులకూ ఒకటే మందు, రిఫరెన్స్. సింహాన్ని చెక్కేవాణ్ణి సింహం ఫొటో చూసి చెక్కమంటే అర్థముంది. తొండమున్న సింహానికి ఎవరి ఫొటో చూడాలి? అందుకని ఇంకెవరో ఊహించిన మృగాన్ని తెచ్చి పక్కన పెడతారు. అది హాలీవుడ్ సినిమాలోదైతే సాక్ష్యం గట్టిగా ఉన్నట్టు లెక్క. అదే కుర్రాడు పురానాపూల్ దాటి కార్వాన్ మీదుగా ఆటోలో గోల్కొండ పోతే, బాలా హిసార్ దర్వాజా రాతిదూలం మీద చక్రానికి అటొకటి ఇటొకటి యాళులు, అంటే సింహం ఒంటి ఊహామృగాలు, ఉంటాయి. వాటి పైన పురి బరువుతో నెమళ్లు. ఆ గుమ్మం కింది నుంచి కుతుబ్‌షాహీ సిపాయిలు నడిచారు, 1687లో ఔరంగజేబు మనుషులు నడిచారు, ఇప్పుడు సెల్ఫీ కర్రలు పట్టుకుని మనం నడుస్తున్నాం. ఎనిమిది నెలలు కోట బయట పడిగాపులు పడ్డ మొగల్ సేనకు గోల్కొండ మీద ఫిర్యాదులు బోలెడు ఉండి ఉంటాయి. యాళి వెన్నుపూసల లెక్క తప్పిందన్నది మాత్రం వాటిలో ఉండదు.

ఎముకల డాక్టర్లకు మూలపురుషుడు ఫ్రాన్సులో ఉండేవాడు, జార్జ్ క్యూవియే. ఒక్క ఎముక చేతికిస్తే జంతువు మొత్తం చెప్పగలనన్నవాడు. ఆయన మీద ఒక కథ చెప్పుకుంటారు. శిష్యుడొకడు దెయ్యం వేషం కట్టి అర్ధరాత్రి మంచం దగ్గరికొచ్చి "నిన్ను తినేస్తా" అంటే, క్యూవియే ఎగాదిగా చూసి, "కొమ్ములూ గిట్టలూ ఉన్నాయి, నువ్వు గడ్డి తినేదానివి, నన్ను తినలేవు" అని అటు తిరిగి పడుకున్నాడట. ఆయన దగ్గర కనీసం గదుల నిండా నిజం ఎముకలుండేవి. మనవాళ్ల దగ్గర ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లున్నాయి.

అసలు ఆ దేవుడే ఫీడ్‌బ్యాక్‌కు ఇచ్చుంటే ప్లాటిపస్ పుట్టేది కాదు. 1799లో దాని చర్మాన్ని పరిశీలించి వర్ణన రాసిన జార్జ్ షా, బ్రిటిష్ మ్యూజియం పండితుడు, ఇది ఎవరో అతికించిన మోసమేమోనని అనుమానపడ్డాడు. బాతు ముక్కు, బొచ్చు ఒళ్లు, గుడ్లు పెట్టి పిల్లలకు పాలివ్వడం. "ఒక ఐడియా మీద ఫోకస్ చెయ్ బ్రో" అనేవాళ్లు మనవాళ్లు.

ఎముక సరిగ్గా ఉంటేనే బొమ్మకు ప్రాణం ఉంటుందనేవాళ్లకు 1515 నాటి ఒక ఖడ్గమృగం అడ్డొస్తుంది, అదీ మన దేశానిదే. గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసువాళ్లకు కానుకగా పంపితే ఓడెక్కి లిస్బన్ చేరింది. జర్మనీలో ఉన్న ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని కంటితో చూడలేదు. ఎవరో రాసి పంపిన వర్ణన, ఒక గీత బొమ్మ ఆధారంగా చెక్కదిమ్మ మీద అచ్చుబొమ్మ తయారు చేశాడు. చర్మమంతా సిపాయి కవచంలా పలకలు పలకలు. కాళ్లకు పొలుసులు. భుజాల మీద లేని కొమ్ము ఒకటి. అదే ఏడాది హాన్స్ బుర్క్‌మైర్ అనే ఆయన అసలు జంతువుకు బాగా దగ్గరగా ఇంకో ఖడ్గమృగం వేశాడు. ఆ అచ్చు ప్రతి ఇవాళ ప్రపంచం మొత్తం మీద ఒక్కటే మిగిలింది. డ్యూరర్ తప్పుల తడకనేమో యూరప్ రెండు శతాబ్దాలు నమ్మి, పుస్తకం తర్వాత పుస్తకంలోకి దించుకుంది. మన నలుగురి ముందుకు ఈ రెండూ వస్తే పాస్ మార్కులు ఎవరికో ఊహించడం కష్టం కాదు. బహదూర్‌పురా జూపార్కులో నిజం ఖడ్గమృగం ఉంది, సోమవారం తప్ప రోజూ చూడొచ్చు. చూసొచ్చాక కూడా డ్యూరర్‌దే ఎక్కువ ఖడ్గమృగంలా అనిపిస్తే నన్ననకండి.

మన ఊరి పనితనమే కావాలంటే, 1770ల్లో హైదరాబాద్‌లో వేసిన బురాక్ చిత్రం ఒకటి ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది. బురాక్ అంటే మహమ్మద్ ప్రవక్త ఆకాశయాత్ర చేసిన మేరాజ్ రాత్రి ఆయన్ను మోసిన వాహనం. గాడిదకంటే పెద్దది, కంచరగాడిదకంటే చిన్నది, చూపు ఆనినంత దూరం ఒక్క అడుగులో పడేదని హదీసుల మాట. చిత్రకారులు దానికి మనిషి ముఖం పెట్టారు. ఈ హైదరాబాదీ అంతటితో ఊరుకోలేదు. ఒంటినిండా జంతువుల్నే కూర్చాడు. కండరం ఉబ్బాల్సిన చోట ఇంకో ప్రాణి ముడుచుకుని ఉంటుంది, దాన్ని ఆనుకుని మరొకటి, అన్నీ కలిసి ఒక్క నడక. దీనికి అనాటమీ దిద్దాలంటే ఒక్కో జంతువునూ పిలిచి విడివిడిగా మాట్లాడాలి.

పాత సంగతులు చెప్పి తప్పించుకుంటున్నానంటారేమో. 2012లో హైదరాబాద్‌కే చెందిన మకుట సంస్థ 'ఈగ' సినిమాకు గ్రాఫిక్స్ చేసింది. ఆ ఈగ పగబడుతుంది, కసరత్తు చేస్తుంది, ప్రియురాలు తయారు చేసిచ్చిన కళ్లజోడు పెట్టుకుంటుంది. దానికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఈగ చెవులు ఎక్కడున్నాయి, కళ్లజోడు దేనికి ఆనించారు అని టికెట్టు కొన్న జనంలో ఎవరూ లేచి అడగలేదు. విలన్ సుదీప్ ఎప్పుడు చస్తాడా అని చూశారు.

తోటివాళ్ల మాట వినకూడదని కాదు. ఉర్దూ రాత నేర్పే ఉస్తాద్‌ల పద్ధతి వేరు. శిష్యుడి అక్షరం వంకరపోతే దాని పక్కనే తన కలంతో సరైనది రాసి చూపిస్తాడు ఉస్తాద్. ఆ అక్షరం కడుపు ఎంత లోతుగా ఉండాలో చూపిస్తాడు గానీ, నీ అక్షరాలన్నీ నా అక్షరాలైపోవాలనడు, అసలు ఇవన్నీ మాని ఇంగ్లీషు రాయమని అంతకన్నా అనడు. కంప్యూటర్ బొమ్మల్లోనూ అలాంటి మాట లక్ష చేస్తుంది. "సిమెట్రీ ఆపడం మర్చిపోయినవ్, ఎడమ ముఖం కుడి ముఖం అచ్చు ఒక్కటే ఉన్నయి, అందుకే చచ్చినట్టు ఉంది" అన్నవాడు స్నేహితుడు. "ఇది నడిస్తే ముందు ఏ కాలు లేస్తది?" అని అడిగినవాడికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ రెండూ ఇప్పించాలి. ఆ ప్రశ్న మృగాన్ని నమ్మినవాడిది. మన నలుగురూ మృగాన్ని నమ్మరు, పాఠాన్ని నమ్ముతారు.

వాళ్ల ఫిర్యాదుల్లో మహా గంభీరమైనది ఇంకొకటుంది: "వెయిట్ ఫీల్ అయితలేదు." బరువు తెలియడం లేదట. జీబ్రష్‌లో బరువే లేదు బాబూ. అక్కడ కొండను చిటికెన వేలి మీద నిలబెట్టి భోజనానికి వెళ్లొచ్చినా అది కదలదు. బరువంటే ఏమిటో తెలిసినవాళ్లు ధూల్‌పేటలో ఉన్నారు, వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్లు. ఏడాదిలో సగం రోజులు అక్కడ ఏనుగు తలకాయలు మనిషి మెడల మీదికి ఎక్కుతూనే ఉంటాయి. పదిహేనడుగుల వినాయకుడు, ఒక్కోసారి ఒంటికాలి మీద నాట్యం చేస్తూ, చేతులు గాల్లో, తొండం ముందుకు చాచి. ప్లాస్టర్‌లో కొబ్బరి పీచు కలపాలి, లోపల కర్రలు కట్టాలి, పెద్దదైతే ఇనుప చువ్వలు, వాళ్ల మాటలో సరియా, దించాలి. డీసీఎం వ్యాన్ ఎక్కించి పురానాపూల్ గతుకుల మీద తీసుకెళ్తే తొండం ఊడి పడకూడదు. ఊడితే బేరం ఊడినట్టే.

వాళ్లకూ ఫీడ్‌బ్యాక్ ఉంది. మండపం కమిటీ కుర్రాళ్లు ఫోన్‌లో బొమ్మ పట్టుకుని వస్తారు. 2015లో బాహుబలి వచ్చాక బొజ్జ కరిగించి సిక్స్‌ప్యాక్ పెట్టమన్నారు, పెట్టారు. విల్లు ఇమ్మన్నారు, ఇచ్చారు. కుడుములు తిని బొజ్జ పగిలితే పాముతో బిగించి కట్టుకున్న స్వామికి జిమ్ మాస్టర్ ఒళ్లు వచ్చింది, ఎలుకకు మాత్రం ఇంకా ఎవరూ కండలు అడగలేదు, ఎన్నాళ్లో తెలియదు. అయితే ఒక తేడా ఉంది. ఈ సలహాదారులు డబ్బు కట్టి సలహా ఇస్తారు.

మన ఎముకల డాక్టర్లలో ఎవరికైనా ఓపికుంటే ఆషాఢంలో ఒకసారి ధూల్‌పేట వెళ్లి, అంత పెద్ద ఏనుగు తలను ఆ చిన్న మెడ శాస్త్రప్రకారం ఎలా మోస్తుందని అడిగి చూడండి. చేతికంటిన ప్లాస్టర్ లుంగీకి తుడుచుకుంటూ విగ్రహం చేసే ఆయన అడిగేది ఒకటే ఉంటుంది: "అందర్ సరియా హై సాబ్. అడ్వాన్స్ కిత్నా దేతే?"