కర్ణారావుగారి కవచకుండలాలు

తెల్లవారుజామున అయిదుంబావుకి, పాలవాడికంటే ముందే మీ ఫోను 'టింగు'మందంటే అది కర్ణారావుగారే. అసలు పేరు ఏదైనా కావచ్చు. ప్రతి అపార్ట్‌మెంటు గ్రూపులోనూ, పదో తరగతి పాతమిత్రుల గ్రూపులోనూ, ఎవరి పెళ్లికో పెట్టి ఆ దంపతులకు ఇద్దరు పిల్లలు పుట్టినా మూసెయ్యని చుట్టాల గ్రూపులోనూ ఒకరుంటారు గనక, పిలుచుకోవడానికి వీలుగా కర్ణారావు అందాం. మొదట గులాబీపువ్వుతో శుభోదయం. దాని వెనకే ఆసుపత్రి మంచం మీద గొట్టాల మధ్య పడుకున్న పసిపాప ఫొటో. కింద, మనిషన్నవాడెవడూ దీన్ని షేర్ చెయ్యకుండా ఉండలేడన్న హెచ్చరిక, చేతులు జోడించిన బొమ్మలు పదకొండు. ఆ పాపది ఏ ఊరో, ఏ సంవత్సరంలో ఆ మంచం మీద పడుకుందో ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని తోచదు కూడా. కళ్ళు మాత్రం నిజంగానే చెమరుస్తాయి. ఆయన తరఫున ముందుగా చెప్పాల్సిన మాట ఇదే. కర్ణారావు మోసగాడు కాడు. మోసగాడికి కావలసిన సరంజామాలో సగం ఆయన మంచితనం, అంతే.

ఆయన దానధర్మాలు బొటనవేలితో మొదలై బొటనవేలితోనే పూర్తవుతాయి. ఎవరైనా "ఇది నిజమేనంటారా మాస్టారూ?" అని నసిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "నిజమైతే పుణ్యం, కాకపోతే మన సొమ్మేం పోయిందండీ?" సొమ్ము పోని మాట నిజమే. పోయేది పూచీ. ప్రోనోటు మీద పక్కవాడి కోసం జామీను సంతకం పెట్టి ఇల్లు అమ్ముకున్నవాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. ఆ భయంతోనే కర్ణారావుగారు సొంత బావమరిదికి కూడా ఎక్కడా సంతకం పెట్టరు. అలాంటి మనిషి ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం రోజుకు పదిసార్లు పెడుతున్నారు. గ్రూపులోవాళ్ళు ఫొటోని చూసి నమ్మరు. పైనున్న పేరు చూసి నమ్ముతారు. 'ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న మాస్టారు, కనుక్కోకుండా పంపుతారా?' అనుకుంటారు. తనకు పంపిన తోడల్లుడి గురించి మాస్టారూ సరిగ్గా అలాగే అనుకున్నారు. తోడల్లుడికి పంపినవాడి గురించి తోడల్లుడూ అంతే. ఈ వరసలో వెనక్కి వెళ్తూ ఉంటే చివర కనుక్కున్నవాడంటూ ఒక్కడూ తగలడు. 2018 జులైలో వాట్సాప్ వాళ్ళు ఇలాంటి సందేశాల మీద 'ఫార్వర్డెడ్' అని ముద్ర వేసి, మన దేశంలో ఒకసారికి అయిదుచోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టారు. 2020 ఏప్రిల్లో, బాగా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే అన్నారు. కర్ణారావుగారు దీన్ని ధర్మకార్యానికి అడ్డంకిగా భావించి, కూతురి దగ్గర కూర్చుని కాపీ పేస్టు నేర్చుకున్నారు. కాపీ చేసి అతికిస్తే ముద్ర రాలిపోతుంది. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన సరుకు కాస్తా ఆయన సొంత మాటైపోతుంది. జామీను మరింత గట్టిపడిందన్నమాట.

పోయేదేమీ లేదన్న వాదానికి లోకం చూసిన పెద్ద జవాబు వాట్సాప్ పుట్టకముందుది. 1989లో ఇంగ్లండులో తొమ్మిదేళ్ళ కుర్రవాడికి మెదడులో కణితి. గ్రీటింగు కార్డుల్లో గిన్నిస్ రికార్డు కొట్టాలని వాడి ముచ్చట. 1990కల్లా కోటీ అరవై లక్షల కార్డులొచ్చి రికార్డయింది. 1991లో అమెరికాలో ఆపరేషను చేసి కణితి తీసేశారు, పిల్లవాడు కోలుకున్నాడు. కథ అక్కడ కంచికి వెళ్ళాలి. వెళ్ళలేదు. ఆ ఏడాదికి కార్డులు మూడు కోట్ల ముప్ఫై లక్షలు దాటాయి. ఇంట్లోవాళ్ళు చాలు బాబూ అని మొత్తుకున్నారు, గిన్నిస్ వాళ్ళు ఆ విభాగాన్నే ఎత్తేశారు. అయినా విజ్ఞప్తి ఫాక్సులెక్కింది, ఈమెయిళ్ళెక్కింది, దారిలో కుర్రవాడి పేరు మారింది, గ్రీటింగు కార్డులు కాస్తా విజిటింగు కార్డులయ్యాయి. వాడు పెరిగి పెద్దవాడైపోయాడు. విజ్ఞప్తిలో మాత్రం ఎప్పటికీ చావుబతుకుల్లో ఉన్న పసివాడే. మన రక్తదాన సందేశాల తీరూ ఇదే. 'అర్జెంట్, ఓ నెగటివ్, రేపు ఉదయం ఆపరేషను' అని ఉంటుంది. తేదీ ఉండదు. తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసినట్టు ఆ రేపు ఎన్నటికీ రాదు. కింద ఇచ్చిన నంబరువాడు మాత్రం, రోగి ఇంటికెళ్ళి ఆవకాయ తింటున్న మూడో ఏడు కూడా, అర్ధరాత్రి ఫోన్లకు జవాబు చెప్పుకుంటూ ఉండాలి.

ఇవి అమాయకంగా పాతబడ్డ నిజాలు. కావాలని అల్లిన అబద్ధాలకు కూడా అదే దారి, అదే వేగం. 2020 మార్చి చివర్లో పీఎం కేర్స్ నిధి ప్రకటించి రెండు రోజులు తిరక్కముందే, అసలు యూపీఐ చిరునామాలో ఒక్క 'ఎస్' అక్షరం ఎగరగొట్టి నకిలీది తయారుచేశారు. ఢిల్లీ పోలీసులు పసిగట్టి ఆపించాల్సి వచ్చింది. దేశమంతా భయంతో, జాలితో ఊగిపోతున్నప్పుడు అక్షరాలు లెక్కపెట్టేదెవరు? ఈ సంగతి దొంగలకు మనకంటే బాగా తెలుసు.

మరి లెక్కల మాస్టారుకే లెక్క ఎందుకు తప్పుతుంది? మనసు గుణకారం చెయ్యదు గనక. 2007లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అమెరికన్ పరిశోధన ఉంది. ఒక సర్వేలో పాల్గొన్నందుకు జనానికి అయిదేసి డాలర్లిచ్చి, అందులోంచి ఎంతైనా విరాళం వెయ్యమన్నారు. ఆఫ్రికాలో లక్షలమంది ఆకలి లెక్కలు చదివినవాళ్ళు సగటున డాలరూ పద్నాలుగు సెంట్లు వేశారు. మాలీ దేశపు ఏడేళ్ళ పాప ఒక్కతె కథ చదివినవాళ్ళు రెండు డాలర్ల ముప్ఫై ఎనిమిది సెంట్లు వేశారు. చిత్రమేమిటంటే, పాప కథతో పాటు లెక్కలూ చూపించినవాళ్ళు డాలరూ నలభైమూడు సెంట్ల దగ్గరే ఆగిపోయారు. అంటే లెక్క ఎదురైతే జాలి తగ్గుతుంది. విజ్ఞప్తులు తయారుచేసేవాళ్ళకు ఇది కొట్టిన పిండి. అందుకే ఫొటో పెద్దదిగా, వివరం చిన్నదిగా ఉంటుంది. 2012 మార్చిలో అమెరికా సంస్థ ఒకటి 'కోనీ 2012' అనే అరగంట వీడియో వదిలింది. పసిపిల్లల చేతికి తుపాకులిచ్చిన ఉగాండా తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీని పట్టించాలని దాని పిలుపు. ఆరు రోజుల్లో పది కోట్లసార్లు చూశారు. కోనీ దుర్మార్గుడన్నది అబద్ధం కాదు. కానీ అతని మూకలు అప్పటికి ఏళ్ళ కిందటే ఉగాండా వదిలి పక్క దేశాల అడవుల్లోకి పోయాయి. అదే నెలలో ఉత్తర ఉగాండాలోని లిరా పట్టణంలో, కోనీ చేతిలో నష్టపోయినవాళ్ళకే తెర కట్టి ఆ సినిమా చూపిస్తే, వాళ్ళు మండిపడి రాళ్ళు రువ్వారు. కోనీ పేరు టీషర్టుల మీద, పోస్టర్ల మీద అచ్చేసి ఊరేగించడం వాళ్ళకు అవమానంగా తోచింది. ఎవరి కన్నీళ్ళు తుడవడానికని తీశారో వాళ్ళనే అడగలేదు! అమెరికా, ఉగాండా సైన్యాలు 2017లో వేట విరమించేనాటికి కూడా కోనీ దొరకలేదు. వీడియో షేర్ చేసినవాళ్ళు ఆ పాటికి వేరే వీడియోల్లో ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. నలుగురి ఎదుటా చిన్న మద్దతు ప్రకటించినవాళ్ళు, ఎవరికీ కనబడకుండా ప్రకటించినవాళ్ళకంటే, తర్వాత అసలు సాయం అడిగినప్పుడు తక్కువగా ముందుకొస్తారని 2014లో కెనడా పరిశోధకులు చూపించారు. కర్ణారావుగారికి తెల్లవారకముందే పుణ్యం జమ అయిపోతుంది. ఇక మధ్యాహ్నం గడప దగ్గరికొచ్చిన పనిమనిషి బిడ్డ ఫీజు సంగతి ఎత్తితే, నెలాఖరు గుర్తొస్తుంది.

ఇక్కడ కర్ణారావుగారు తన అమ్ములపొదిలోంచి పెద్ద బాణమే తీస్తారు. "ఆకలన్నవాణ్ణి ఆధార్ కార్డు అడిగి అన్నం పెడతామా? డొక్కా సీతమ్మగారు అడిగారా?" అడగలేదు. లంకల గన్నవరంలో ఆ తల్లి (1841–1909) వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా కులం, ఊరు విచారించకుండా విస్తరి వేసింది. కానీ ఆ విస్తరి ముందు కూర్చున్నవాడు ఆమెకు కనిపించేవాడు. అన్నం వాడి నోట్లోకే పోయేది. అంతకు మించిన విచారణ ఏముంది? పైగా వండి వడ్డించింది ఆమె, ఖర్చయింది ఆమె పొలం. కర్ణారావుగారి అన్నదానంలో వండేది ఒకరు, వడ్డించేది మరొకరు, తినేదెవరో ఎవరికీ తెలియదు, పేరు మాత్రం ఆయనది. ఇక ఆయన పేరుకు మూలపురుషుడి సంగతికొద్దాం. కవచకుండలాలు అడగడానికి ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తున్నాడని సూర్యుడు కర్ణుడికి ముందుగానే కలలో చెప్పాడు. వచ్చేదెవరో, ఎందుకో, ఇస్తే తనకేమవుతుందో అన్నీ తెలిసి ఇచ్చాడు, బదులుగా శక్తి ఆయుధం అడిగి మరీ పుచ్చుకున్నాడు. బలిచక్రవర్తికీ అంతే. వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు చెప్పాక ఇచ్చాడు. ఈ గొప్ప దాతలిద్దరూ తెలియక ఇచ్చినవాళ్ళు కారు. తెలిసి, తమది ఇచ్చారు. మన మాస్టారు తెలియక, పక్కవాళ్ళది ఇప్పిస్తున్నారు. అన్నట్టు, అడ్డుపడినందుకు శుక్రాచార్యుడికి ఒక కన్ను పోయింది. గ్రూపులో 'ఇది పాత వార్త కదండీ' అన్నవాడి గతీ దాదాపు అదే. ఆ సాయంత్రం నుంచి వాడి పుట్టినరోజుకు ఎవరూ కేకు బొమ్మ పెట్టరు.

"తొమ్మిది అబద్ధమైనా పదోది నిజమైతే ఒక ప్రాణం నిలుస్తుంది కదా" అన్నది ఆయన ఆఖరి మాట. అన్నిట్లోకీ బలమైనది కూడా, తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. వెన్నెముక కండరాల క్షీణత అనే జన్యువ్యాధికి పదహారు కోట్ల రూపాయల ఇంజెక్షను, 2021లో హైదరాబాదులో ఒక పసివాడికి, వేలాదిమంది చిల్లర చిల్లరగా వేసిన చందాలతో అందింది. 2014 వేసవిలో నెత్తిన ఐసునీళ్ళు గుమ్మరించుకునే వేలంవెర్రి, ఏఎల్ఎస్ అనే నాడీవ్యాధి మీద పనిచేసే అమెరికన్ సంఘానికి పదకొండున్నర కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ డబ్బు ఊతంతో రెండేళ్ళలో ఆ వ్యాధికి సంబంధించిన ఒక జన్యువు బయటపడింది. అందులో కొంత సొమ్ము తోడైన ఒక మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది, పెద్ద పరీక్షలో తేలిపోవడంతో 2024లో దాన్ని ఉపసంహరించారు. ఆ గెలుపూ, ఓటమీ రెండూ మనకు తెలిశాయంటే డబ్బు ఎవరికి చేరిందో, దేనికి ఖర్చయిందో లెక్క ఉంది గనకే. ఆ ఐసునీళ్ళ ఏడాదే, 2014లో, హైదరాబాదు జర్నలిస్టు మంజులత కళానిధి, నీళ్ళు పారబొయ్యడమెందుకు, దగ్గర్లో ఉన్న ఒక బీదవాడికి బక్కెట్టు బియ్యం ఇవ్వండని 'రైస్ బకెట్ ఛాలెంజ్' మొదలెట్టారు. అదీ ఫోన్లలోనే పాకింది. కానీ అందులో బియ్యం కొనాలి, మనిషిని వెతకాలి, చేతికివ్వాలి. వట్టి బొటనవేలితో అయ్యే పని కాదు. జనంలోకి పాకడం తప్పని ఎవరన్నారు? తొమ్మిది అబద్ధాల తర్వాత పదో నిజం వచ్చేసరికి గ్రూపు మ్యూట్‌లో ఉంటుంది, దుఃఖమంతా అక్కడుంది. నిజంగా ఆపదలో ఉన్న తల్లిదండ్రులకు కర్ణారావుగారు చేస్తున్న అపకారం, పాపం ఆయనకు తెలియనిది, ఇదే.

ఈ మాటలన్నీ వింటూ గ్రూపులో ఓ మూల సంతోషంగా తలాడిస్తున్న సందేహరావుగారొకరున్నారు. ఆయనకు ప్రతిదీ ఫేకే. పాప ఫేకు, ఆసుపత్రి ఫేకు, ట్రస్టు ఫేకు. ఇరవయ్యేళ్ళుగా విచారిస్తున్నారు, ఇంతవరకూ పది రూపాయలు జేబు దాటలేదు. కర్ణారావుకీ ఈయనకీ పందెం పెడితే నా ఓటు కర్ణారావుకే. ఆయనలో తడి ఉంది, చూపు కావాలి అంతే. అది కష్టమైనదేం కాదు. విజ్ఞప్తి మీద తేదీ ఉందా? డబ్బు వెళ్ళేది ఆసుపత్రి ఖాతాకా, ఎవరో వ్యక్తి ఫోనుకా? సందేశంలో ఉన్న నంబరుకు కాక, ఆసుపత్రి సొంత వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు చేసి అడిగితే ఏమంటున్నారు? ట్రస్టయితే 80జీ రసీదు ఇస్తుందా? అంతా కలిపి పావుగంట పని, శుభోదయం గులాబీ ఎంచుకోవడానికి పట్టే సమయం. ఈసారి 'ఓ నెగటివ్ అర్జెంట్' వచ్చినప్పుడు ముందు ఆ నంబరుకు ఒక్క ఫోను చెయ్యండి. ఇంకా కావాలంటే తేదీ వేసి, 'నేనే మాట్లాడాను' అని రాసి పంపండి. పలక్కపోతే దాన్ని అక్కడే ఆపి, మీరే దగ్గర్లోని రక్తనిధికి నడవండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, మగవాళ్ళయితే మూడు నెలలకోసారి, ఆడవాళ్ళయితే నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మొదటిసారి ఇచ్చేవాళ్ళకు వయసు అరవై దాటకూడదు. కర్ణారావుగారికి ఇంకా రెండేళ్ళుంది.