టిక్కీకి చలువ గది, పసివాడికి పొగ గది

నల్లరేగడి పల్లెల్లో పసిపిల్లల కేంద్రపు గాలి రెండు తావుల నుంచి వస్తుంది. కొంత బయట పుట్టి కిటికీలోంచి దూరుతుంది: మిరప ఘాటు, పత్తి నుసి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ పొగ. కొంత లోపలే పుడుతుంది: పొయ్యి పొగ, దోమల కాయిల్, కొత్త రంగు వాసన, చీపురు లేపిన దుమ్ము. బయటిది రాకూడదని కిటికీ మూస్తే లోపలిది కదలదు. లోపలిది పోవాలని కిటికీ తీస్తే బయటిది దర్జాగా వస్తుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఈ రెంటి మధ్య కూర్చుని అఆఇఈలు నేర్చుకుంటున్నారు.

ఈ గాలి సంగతి తెలియాలంటే ముందు మిరపకాయకు జరిగే మర్యాద చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిరప బస్తా, విప్పగానే కొనేవాడు చెయ్యి లోపలిదాకా పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. తేజా అయితే ఒక ధర, 334 అయితే ఇంకో ధర, బాడిగ అయితే మరో ధర. తేమ ఎక్కువుంటే కోత పెడతారు. తాలు కాయ వేరే కుప్ప. ధర నచ్చని సరుకు కోల్డ్ స్టోరేజీకి వెళుతుంది. అక్కడ చలువ కాస్త తగ్గినా రైతుకూ, యజమానికీ, అప్పిచ్చిన బ్యాంకుకూ నిద్ర పట్టదు. ఎగుమతికి వెళ్లే కాయను అఫ్లాటాక్సిన్ల కోసం ల్యాబులో పరీక్షిస్తారు. కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా సమాఖ్య ఆ సరుకును గడప తొక్కనివ్వదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. ఆ లెక్కన, కంటికి కనిపించనిదాన్ని కొలిచే నేర్పు ఈ ప్రాంతానికి లేదని ఎవరూ అనలేరు.

గాలిలో ధూళినీ ఆ మైక్రోగ్రాముల్లోనే కొలుస్తారు. రెండున్నర మైక్రాన్ల లోపుండే ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో కేంద్రం జాతీయ ప్రమాణం పెట్టింది. ఏడాది సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇంకా బిగించి రోజుకు 15, ఏడాదికి 5 చాలంది. అయితే మన ప్రమాణం ఆరుబయటి గాలికి. ఆ గాలే గుమ్మం దాటి అంగన్‌వాడీ గదిలోకి అడుగుపెట్టిందంటే ఇక దాన్ని అడిగే నాథుడు లేడు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఊళ్లున్నాయి. గుంటూరు, ఒంగోలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ జాబితా నగరాలది. పెదనందిపాడు, పర్చూరు, కొండపి నగరాలు కావు గనుక అక్కడి గాలి శుభ్రంగా ఉన్నట్టే లెక్క.

ఇక శరీరం సంగతి. ఎండుమిర్చి నలిగినప్పుడు లేచే పొడిలో కాప్సైసిన్ ఉంటుంది. ఇది నరాల కొసల్లో ఉన్న టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. వేడిని పసిగట్టే ద్వారమూ అదే. అందుకే మంట లేకపోయినా మండుతుంది. 1997లో ఈ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. దగ్గు ఎంత సులువుగా వస్తుందో కొలవాలంటే విదేశీ ప్రయోగశాలల్లో మనిషికి కాప్సైసిన్ తుంపర కొద్దికొద్దిగా పీల్పిస్తారు. దానికి ముందుగా అనుమతులు కావాలి, సంతకాలు కావాలి, పక్కన డాక్టరుండాలి. మిరప ఆరబోసే కళ్లం పక్కనున్న అంగన్‌వాడీలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా అదే పరీక్ష ఏ సంతకమూ లేకుండా, పూర్తిగా ఉచితంగా నడుస్తుంది.

పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి పీలిస్తే, రెండు మూడేళ్ల బిడ్డ 20 నుంచి 40 సార్లు పీలుస్తుంది. బరువుతో పోల్చి చూస్తే ఆ బిడ్డ లోపలికి వెళ్లే గాలి పెద్దవాళ్లకంటే ఎక్కువ. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల్లో చాలా భాగం పుట్టాకే ఏర్పడతాయి. పైగా బిడ్డ ముక్కు చాపకు దగ్గర, చీపురుకు దగ్గర. గది ఊడ్చేది సరిగ్గా పిల్లలు వచ్చే వేళకే గనుక, హాజరు వేయకముందే దుమ్ము లోపలికి వెళ్లిపోతుంది.

మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపుల నుంచి, కూలీలు కుటుంబాలతో సహా గుంటూరు పొలాలకు వలస వస్తారు. పిల్లలూ వస్తారు. ఈ సీజన్‌లో అసలైన శిశు సంరక్షణ కేంద్రం కళ్లమే. పట్టా మీద మోకాలి ఎత్తున ఎర్రటి కాయ. అంచున ముక్కుకు కొంగు కట్టుకుని తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు. పక్కన తుమ్మకొమ్మకు చీర ఉయ్యాల, అందులో పసికందు. గాలి తిరిగినప్పుడల్లా ఉయ్యాల తుమ్ముతుంది. ఊపేది ఏడేళ్ల అక్క. ఆమెకు గౌరవ వేతనం కూడా లేదు. కళ్లు నలుపుకోవద్దని తల్లి అరుస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ చేతులూ కాయ పట్టుకున్నవే. రాత్రికి అందరూ టార్పాలిన్ గుడారంలోకి చేరతారు. వంటా అందులోనే. పొయ్యిలోకి పత్తి కట్టె, మిరప కట్టె. పొగ బయటికి పోయే దారీ మనుషులు లోపలికి వచ్చే దారీ ఒకటే.

చట్టం ఇలాంటి బిడ్డల్ని మరిచిపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో వాళ్ల ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాల్సి ఉండేది. దానికి తగినంత వెలుతురూ గాలీ ఉండాలనీ అందులో రాశారు. గాలి అనే మాట చట్టంలోనే ఉండేది, ఎవరి దయా కాదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఈ లెక్కను 50 మంది కార్మికులకు మార్చింది. అయితే కళ్లం ఫ్యాక్టరీ కాదు. తొడిమలు తీసే షెడ్డు కాంట్రాక్టు. కూలీల ముఠా మొత్తం మేస్త్రీ పద్దులో ఒక్క పేరు. మేస్త్రీ మగవాడు. కాబట్టి షెడ్డు నిండా ఆడవాళ్లున్నా కాగితం మీద ఆడవాళ్ల సంఖ్య సున్నా. పిల్లలెక్కడి నుంచి వస్తారు?

ప్రకాశంలో కథ పొగాకుది. పొగాకు బోర్డు చట్టం వచ్చిందీ, అక్టోబరు 2న ఐసీడీఎస్ అనే శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు మొదలైందీ ఒకే ఏడాది, 1975లో. కవల పిల్లల్లో ఒకరి మీదే తల్లికి ప్రేమ ఎక్కువైనట్టుంది. బోర్డు గుంటూరులో కొలువుదీరి ప్రతి బ్యారన్‌కూ లైసెన్సు ఇచ్చి, ఎంత ఆకు పండించాలో కూడా చెబుతుంది. బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ అవుతున్న వారం రోజులూ రాత్రింబవళ్లు కట్టెలు మండుతాయి. లోపలి వేడిని థర్మామీటరు చూసి పెంచుతారు, తగ్గిస్తారు. బ్యారన్ గొట్టంలోంచి వచ్చిన పొగ ఎటు పోయిందన్న పద్దు మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

పత్తి నుసి పెద్దల జబ్బుగా పుస్తకాల్లో ఉంది. మిల్లు కూలీలకు సెలవు తర్వాత సోమవారం ఛాతీ బిగుసుకుపోతుంది; దాన్ని బిస్సినోసిస్ అంటారు. పిల్లల వాటా తల్లి జుట్టులోనూ చీర మడతల్లోనూ ఇంటికి వస్తుంది.

ఇప్పుడు అంగన్‌వాడీ కేంద్రం లోపలికి. రాష్ట్రంలో 55 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. పిల్లలు కూర్చునే గది, విడిగా వంటగది, సరుకుల గది, మరుగుదొడ్డి, అన్నీ కలిపి కనీసం 600 చదరపు అడుగులు ఉండాలన్నది నిబంధన. అద్దె కొంపలో ఇవన్నీ ఉంటాయి, కాకపోతే ఒకే గదిలో. ఈ మూల పొయ్యి, ఆ మూల బియ్యం బస్తాలు, నడుమ పిల్లలు. రేకుల కప్పు. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా బీరువా. ఇంటి యజమాని వదిలిపెట్టిన పురుగుమందు డబ్బాలు అటక మీద. ఇందుకు టీచరును తప్పుపట్టడం సులువు గనుక తనిఖీకి వచ్చినవాళ్లు ఆ పనే చేస్తారు. ఆమె గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు. అది పెంచమని 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. అంగన్‌వాడీ పని అత్యవసర సేవ అని ప్రభుత్వానికి తెలిసిన సందర్భం అది.

బడుల బాగుకు పెద్ద పథకమే వచ్చింది. 2019 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, ఒంగోలులోనే 'మన బడి నాడు-నేడు' మొదలైంది. తొలి విడతలో తొమ్మిది పనులు: మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, లైట్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీ, రంగులు వగైరా. మంచి పనులే, ఒప్పుకోకపోతే కళ్లు పోతాయి. గాలి ఆడే ఏర్పాటు అనే పదో పని మాత్రం జాబితాలో లేదు. ఫ్యాన్ ఉంది కదా అనవచ్చు. ఫ్యాన్ గాలిని తిప్పుతుంది గానీ మార్చదు; పొగను ఒక మూల నుంచి నలుగురికీ సమానంగా పంచుతుంది. రంగుల విషయంలో ఈ రాష్ట్రానికి పట్టింపు ఎక్కువ. పంచాయతీ భవనాలకు ఏ పార్టీ రంగు వేయాలన్న వ్యాజ్యం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రంగు వాసన గురించి మాత్రం ఎవరూ ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు.

2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో అంగన్‌వాడీ టీచరు బిడ్డ బరువు, ఎత్తు, హాజరు నింపాలి. మరుగుదొడ్డి ఉందా, నీళ్లున్నాయా అన్నదీ చెప్పాలి. గది గాలికి గడి లేదు. గడి లేనిది జబ్బు కాదన్నది కార్యాలయ వైద్యశాస్త్రం.

దోమల కాయిల్‌ది ప్రత్యేక అధ్యాయం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. బహిరంగ స్థలంలో సిగరెట్ కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా వేసే చట్టమూ 2003దే. తక్కువలో తక్కువ 75 చొప్పున వేసుకున్నా, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు వెలిగించిన ఒక్కో కాయిల్ 15,000 రూపాయల జరిమానాకు పాత్రమవుతుంది. అది టీచరు నెల వేతనానికి మించిన బాకీ. ఇన్నాళ్లుగా వసూలు కాకపోవడం ఖజానాకు తీరని నష్టం.

పల్లె గాలి మీద విసుగెత్తినవాళ్లు గుంటూరు అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో ప్లేస్కూలు చూస్తారు. చేర్పించే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఏసీ ఉందా? ఉంటుంది. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి చుక్క కూడా తీసుకోదు. ఆరుబయట కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 420 పాళ్లకు పైచిలుకు. తలుపులు బిగించిన గదిలో వెయ్యి దాటిందంటే గాలి మారడం లేదని గుర్తు. అక్కడ ఒకరి జలుబు వారం తిరక్కుండా పాతికమందికి అందుతుంది. కొత్త ప్లైవుడ్ బల్లల నుంచి ఫార్మాల్డిహైడ్, గోడ బొమ్మల నుంచి పెయింట్ వాసన, రెండూ తెలియకుండా పైన మల్లెల రూమ్ ఫ్రెషనర్. అంగన్‌వాడీ పొగ ఉచితం. ఇక్కడ టర్ముకు ఇంతని కట్టాలి. తేడా అదే.

మందులు ఖరీదైనవేం కావు. ఎదురెదురుగా రెండు కిటికీలు, వాటికి దోమతెర. పొయ్యి గది బయటికి. చీపురు బదులు తడిబట్ట, అదీ పిల్లలు రాకముందు. కాయిల్ వద్దు. రంగులు వేసవి సెలవుల మొదట్లో వేసి, గది తెరిచి ఉంచాలి. కళ్లానికీ తొడిమల షెడ్డుకూ చోటు చూసేటప్పుడు గాలి ఎటు వీస్తుందో, అటువైపు అంగన్‌వాడీ ఉందేమో చూడాలి; మిరపకాయ ఆరడానికి గాలి వాటం చూసే ఊరికి ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

అవి వచ్చేలోగా సెకన్ల ముల్లున్న గడియారం ఒకటి చాలు. దగ్గుతున్న బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట కదలికను నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40, అంతకు చేరినా మించినా అది న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు. కోతలు అయ్యాక చూద్దామనుకోకుండా ఆ పూటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.