లైనక్సేశ్వర్రావు

ఆయన అసలు పేరు రేషన్ కార్డులో ఉంది. ఏలూరు పవర్‌పేటలో మాత్రం లైనక్సేశ్వర్రావు గారంటేనే ఇల్లు చూపిస్తారు. ఇలాంటాయన మీ వీధిలోనూ ఉండే ఉంటారు. లేరూ అంటే మీ కంప్యూటర్ ఇంకా నెమ్మదించలేదని అర్థం.

ఆయన్ని గుర్తుపట్టాలంటే తాళాలగుత్తి చూడాలి. బీరువా తాళానికీ స్కూటర్ తాళానికీ మధ్య 16 జీబీ పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెం ఉద్యోగానికి పాసింజర్ ఎక్కుతారు. దెందులూరు దాటేలోగా పక్కసీటు ఆయన్ని పలకరిస్తారు. ఊరూ పేరూ అడగరు. "మీ ల్యాప్‌టాప్ ఏ ఏడాదిదండీ?" అంటారు. చెప్పగానే జాతకం చూసే సిద్ధాంతిలా కళ్ళు మూసుకుని, "ప్రాసెసర్ ఎన్నో తరం? ఆరా? అబ్బే, విండోస్ పదకొండుతో ఈ సంబంధం కుదరదండి" అని తేల్చేస్తారు. భీమడోలులో పెన్‌డ్రైవ్ బయటికొస్తుంది. పూళ్ళలో, విండోస్ బదులు వాడుకునే లైనక్స్ తాలూకు పెంగ్విన్ బొమ్మ చూపిస్తారు. బాదంపూడి వచ్చేసరికి పక్కసీటాయన వెళ్ళి తలుపు దగ్గర నిలబడతారు.

ఈ భక్తి ఇవాళ్టిది కాదు. అడిగినవాళ్ళకల్లా ఉబుంటు అనే లైనక్స్ సీడీలు పోస్టులో ఉచితంగా పంపే కాలంలో పుట్టింది. 2011లో ఆ పంపకం ఆగిపోయింది. మిగిలిన సీడీలు ఇప్పుడు ఆయన డాబా మీద దానిమ్మ మొక్కకి వేలాడుతూ పిట్టల్ని తోలుతున్నాయి. 1991 ఆగస్టు 25న, ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు లైనక్స్ పని మొదలుపెట్టానని లోకానికి చెప్పాడట. అందుకని ఏటా ఆ రోజు ఆయనింట్లో చక్రపొంగలి. ఇక 2025 అక్టోబర్ 14న, విండోస్ పదికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసిన రోజున, ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధంతా తిరిగారు. ఇన్నాళ్ళకి జనం తన గుమ్మం తొక్కుతారని ఆశ.

తొక్కింది మా నాన్నగారొక్కరే. కైకలూరు అవతల మాకో చేపల చెరువుంది. తవుడు బస్తాల దగ్గర్నుంచి శీలావతి, బొచ్చె తూకాల దాకా లెక్కలన్నీ ఓ పాత కంప్యూటర్లో ఉన్నాయి. అది తెరుచుకునేలోగా ఒక కాఫీ తాగెయ్యొచ్చు.

ఆదివారం పొద్దున్నే లైనక్సేశ్వర్రావు గారు వచ్చారు. వచ్చి కూర్చోలేదు. "ఫోటోలూ లెక్కలూ ఇంకోచోట దాచుకున్నారాండీ?" అన్నారు.

"దాచడమేంటండీ? అందులోనే ఉన్నాయిగా."

"అయితే నేను కూర్చోను."

నేను బజారుకెళ్ళి హార్డ్‌డిస్కు కొనుక్కొచ్చేదాకా నిజంగానే నిలబడ్డారు. అన్నీ దాంట్లోకి ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో ఒక టిఫినూ ఒక భోజనమూ అయ్యాయి. తర్వాత బిట్‌లాకర్ తాళం వేసుందేమో చూసి, దాని 48 అంకెల సంఖ్యని అమ్మ పాల లెక్కల పుస్తకంలో రాయించారు. అప్పుడు కుర్చీ లాక్కున్నారు.

"అసలు విండోస్ ఉండగా ఇంకోటి ఎందుకండీ?" అంది అమ్మ.

"మన ఏలూరులో కృష్ణా కాలవా గోదావరి కాలవా కలుస్తాయి కదమ్మా. ఎప్పుడైనా ఇబ్బంది పడ్డామా?"

నాన్నగారికి నీళ్ళ మాటైతే వెంటనే ఎక్కుతుంది. "చెరువు నిండా నీళ్ళుండగా మధ్యలో గట్టెలా వేస్తారు?" అన్నారు.

ఆయన మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆయన్ని సరైన ప్రశ్న అడిగిన మొదటి మనిషి మా నాన్నగారేననుకుంటాను. "అందుకే విండోస్ చేతే ఖాళీ చేయించాలండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ అని ఉంటుంది. ఆయనే సామాను సర్దుకుని ఓ వంద జీబీ మూల వదుల్తాడు. ఇది అన్నదమ్ముల వాటాలండీ. పెద్దాడి పెళ్ళయ్యాకే చిన్నాడి పెళ్ళి. విండోస్ ముందుండాలి, లైనక్స్ తర్వాత రావాలి. తిరగేస్తే అన్నగారు వస్తూనే వీధిగుమ్మం తనదంటాడు."

ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేశారు. అది ఉంటే విండోస్ నిద్రపోతున్నట్టు నటిస్తుందిట. గది తలుపు లోపల గడియ వేసుకుని పడుకుంటే తమ్ముడు లోపలికెలా వెళ్తాడని ఆయన వాదన.

కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఎఫ్‌12 మీట టకటకా కొట్టారు. పెంగ్విన్ వాళ్ళ తెర వచ్చింది. నాలుగైదు ప్రశ్నల తర్వాత అసలైన ప్రశ్న: విండోస్ పక్కన పెట్టమంటారా, డిస్కు మొత్తం చెరిపెయ్యమంటారా?

అక్కడ ఆయన చెయ్యి మౌస్ మీద నుంచి లేచిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పైకి చదివారు. నన్ను చదవమన్నారు. అమ్మని పిలిచి చదివించారు. "ముగ్గురం పక్కన అనే చదివాం కదా?" అని అడిగి, ఊపిరి బిగబట్టి నొక్కారు. అంత ఆర్భాటం ఎందుకో నాకప్పుడు తెలీలేదు.

అరగంటలో పని అయింది. తర్వాత నల్లటి తెర తెరిచి, పెద్దగా చెబుతూ కొట్టడం మొదలెట్టారు. "సూడో... ఆప్ట్... అప్‌డేట్..." వంటింట్లోంచి అమ్మ తొంగిచూసి, "ఆయన ఇందాకట్నుంచీ ఎవర్ని సూడు సూడు అంటున్నారే?" అంది. పాస్‌వర్డ్ కొట్టమంటే నాన్నగారు కొట్టారు. తెరమీద చుక్క కూడా కదల్లేదు. కీబోర్డు పోయిందన్నారు. "కనపడదండీ. దేవుడికి మొక్కుకున్నట్టు లోపల్లోపలే వెళ్తుంది."

హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో లైనక్స్ తెచ్చారని చెప్పి మా మెనూలు కూడా తెలుగులోకి మార్చారు. అమ్మ చదివింది. "దస్త్రాలంటే ఏంటండీ?" "ఫైల్సమ్మా." "అదేదో తెలుగులో చెప్పచ్చుగా!" మారుమాట లేకుండా మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చారు.

కంప్యూటర్ వెయ్యగానే ఇప్పుడు అన్నదమ్ముల పేర్లు కనిపిస్తాయి. ఎవరు కావాలో తేల్చుకోవడానికి పది సెకన్లు. ఏమీ చెప్పకపోతే లైనక్స్ వచ్చేస్తుంది. పాలు పొంగాయని అమ్మ కేకేసిందా, లేచి వెళ్ళొచ్చేసరికి పెంగ్వినే.

రెండోరోజు గొడవ వేరు. సాయంత్రం నాలుగున్నరకి చెరువు కాపలా మనిషి ఐసు లారీ వచ్చిందని ఫోన్ చేశాడు. నాన్నగారు విండోస్ గడియారం చూసి, "ఇంకా పదకొండేరా! సాయంత్రం కదా రమ్మన్నది" అని కసిరారు. ఐదున్నర గంటల తేడా! లైనక్స్ కంప్యూటర్ లోపలి గడియారంలో గ్రీనిచ్ టైము రాసిపెడుతుంది. విండోస్ అదే మన టైమనుకుని చదువుతుంది. లైనక్సేశ్వర్రావు గారు పరిగెత్తుకొచ్చి ఒక్క వరుస కొట్టి, తమ్ముడి చేత కూడా ఏలూరు టైమే రాయించి, ఒక టీ తాగి వెళ్ళారు.

ఇంతా చేస్తే నాన్నగారు వాడేది విండోసే. తమ్ముడి వాటా తాళం వేసిన ఇల్లులా పడుంది.

మొన్న వర్షాల్లో నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత విండోస్ లేవలేదు. చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. బయట చేపల వ్యాపారి లెక్క తేల్చుకోవడానికి కూర్చున్నాడు. నేను కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. పది సెకన్లలో ఏదీ నొక్కలేదు. పెంగ్విన్ వచ్చింది. తమ్ముడికి అన్నగారి గదులు కనిపిస్తాయని లైనక్సేశ్వర్రావు గారన్నది నిజమే. అన్నకి మాత్రం తమ్ముడి వాటా కనపడదు. లెక్కల ఫైలు తెరుచుకుంది. తూకాలు సరిపోయాయి.

సంగతి చెబుదామని ఆయనింటికెళ్ళాను. ఆయన లేరు. వాళ్ళావిడ నవ్వి, "మీ ఇంట్లో కూడా మూడేసిసార్లు చదివించారా?" అంది. 2009లో సొంత కంప్యూటర్లో ఆ ప్రశ్నకి తొందరపడి చెరిపెయ్యమన్నారట. ఆవిడ తమ్ముడి పెళ్ళి వీడియో అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. "అప్పట్నుంచీ ఆకివీడులో మా పుట్టింటికెళ్తే ఈయనకి పులుసే పోస్తారు. ముక్క పడదు."

ఇంటికొచ్చి చెప్పాను. నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు. హార్డ్‌డిస్కు ఉన్న బీరువా కేసి చూసి, చెరువుకి ఫోన్ చేశారు.

"ఒరే, మంచి శీలావతి ఒకటి పవర్‌పేట పంపించు. రెండు కేజీలకి తగ్గకూడదు. ముక్కలు పెద్దవి కొట్టించు."