రోహిణి కార్తెలో ఓవర్‌క్లాకింగ్: ఏడు చిట్కాలు

చవక ప్రాసెసర్ కొని, దాన్ని కంపెనీవాడు చెప్పిన దానికంటే వేగంగా పరిగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. రాజమహేంద్రవరంలో ఈ పని చేయదలచినవారికి మా అనుభవసారం ఇదండీ.

1. ముహూర్తం: మే నెలాఖరు, డాబా మీద గది, పడమటి కిటికీ. కూలర్ ఎంత తిరిగినా చిప్‌ను గదిలో గాలి కంటే చల్లగా చేయలేదు. సంక్రాంతికి 25 డిగ్రీలున్న గది ఇప్పుడు 42 అయితే, ఆ 17 డిగ్రీలూ చిప్ నెత్తిన ఎక్కుతాయి. వేడెక్కితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీరు పెంచడం, అది తగ్గించడం: కాలక్షేపానికి లోటుండదు.

2. పెద్దల మాట వినండి. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎని బిగించిన బోర్డు మీద బస్ వేగాన్ని 66 నుంచి 100కి మారిస్తే చాలు, 300 మెగాహెర్ట్జ్ చిప్ 450కి దూకేది. కాస్త తర్వాతి ఏఎండీ డ్యూరాన్‌కైతే పైనున్న చుక్కల్ని పెన్సిలు గీతతో కలిపి, వేగం పెంచనివ్వని తాళం తీసేవారు. కాబట్టి నేటి చవక చిప్ ఒకటి, పెన్సిలు ఒకటి కొనండి.

3. పేరు చివర అక్షరం చూడకండి. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకునే రోజులు పోయాయి. ఇంటెల్‌లో ‘కె’ లేని చిప్‌కు తాళం ఉంటుందంటారు, ఉండనివ్వండి. రైజెన్‌లలో చాలావాటికి తాళం లేదు. అందుకే వాటిని ఓవర్‌క్లాకింగ్‌కు వీల్లేని ఎ520 బోర్డులో బిగించండి. బోర్డు చవక కదా!

4. వోల్టేజి ఉప్పులాంటిది, చాలకపోతే ఇంకాస్త వేయండి. కరెంటు ఖర్చు వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. వేగం మార్చకుండా 1.2 నుంచి 1.4 చేసినా మూడోవంతుకు పైగా అదనపు వేడి. చలికాలంలో ఉపయోగం.

5. ఇంటెల్ కొత్త ‘కె’ చిప్‌లతో డబ్బాలో కూలర్ రాదు. అక్కర్లేదనేగా అర్థం? థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలునని పిసినారులంటారు. మీరు ఆవకాయన్నంలో నెయ్యిలా ధారాళంగా పోయండి. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఏ బ్రాండుదో అడగకండి, బరువు చూసి కొనండి, తేలికదైతే మోసుకురావడం సుఖం.

6. పరీక్షించకండి. గంటల తరబడి లోడు పెట్టి చూడమంటారు గానీ, డెస్క్‌టాప్ కనబడితే గెలిచినట్టే. వెంటనే వాట్సాప్‌లో ఫొటో పెట్టండి. కంప్యూటర్ ఆగిపోయేది ఎలాగూ ప్రాజెక్టు రిపోర్టు సేవ్ చేయబోయే ముందే. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పోతే వారంటీ వర్తించదు గనుక బిల్లు దాచే శ్రమా లేదు.

7. అన్నిటికంటే ముఖ్యం: లెక్క కట్టకండి. చవక చిప్, దానికి తగ్గ ఖరీదైన బోర్డు, పెద్ద కూలర్, మంచి ఎస్‌ఎంపీఎస్ ఒక కాగితం మీద కూడితే చాలామంది మనసు మారిపోతోంది. అదే డబ్బుతో పై మెట్టు ప్రాసెసర్, మామూలు బోర్డు కొనుక్కుని, మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగి ఇంటికెళ్లిపోతున్నారు. అలాంటివారికి ఈ చిట్కాలు పనికిరావండీ.