కరిగెట దీపిక
(ట్రాక్టర్ లైట్ల పద్యానికి టీకా తాత్పర్యం)

అవతారిక

మడికొండలో మా బావమరిదికి ఒక మినీ ట్రాక్టర్ ఉంది. నాట్ల రోజుల్లో పగలంతా సొంత పొలం, పొద్దుగూకాక కిరాయి దమ్ము. కంపెనీ ఇచ్చిన రెండు హెడ్‌లైట్లు ముందున్న బురదను చూపిస్తాయి. పక్కన ఒరం, అంటే పొలం గట్టు, ఎక్కడుందో, వెనక రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుందో లేదో వాటికి పట్టదు. “బావా, రాత్రిపూట ఒరం కనవడ్తలేదు, రెండు ఫోకస్ లైట్లు ఏపిస్త” అన్నాడు. ఎవరో కుర్రాడితో వేయించాడు కూడా. ఆ కుర్రాడు హెడ్‌లైట్ స్విచ్చు వెనక నుంచే ఒక తీగ లాగి, టేపు చుట్టి, చేతులు దులుపుకున్నాడు. మూడో రాత్రి కరిగెట, అంటే దమ్ము చేస్తున్న మడి, నడుమ ఉండగా స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కాలిన వాసన. ఆ వెంటనే హెడ్‌లైట్లతో సహా అన్నీ ఆరిపోయాయి. ఎడ్లయితే చీకట్లో కూడా ఇంటికి దారి పట్టేవి. ట్రాక్టర్‌ను అక్కడే వదిలి, సెల్‌ఫోన్ వెలుగులో ఒరం పట్టుకొని నడిచొచ్చాడు.

మర్నాడు ఇద్దరం కాజీపేట చౌరస్తా దగ్గర ఒక ఆటో ఎలక్ట్రిక్ మిస్త్రీ దగ్గరికి పోయాం. కరిగిన స్విచ్చును ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, డబ్బాలోంచి అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్లటి రిలే ఒకటి తీసి, దాని కాళ్లు మాకు చూపిస్తూ అన్నాడు: “ముప్పైకి బ్యాటరీ, ఎనభై ఏడుకు లైటు, ఎనభై ఆరుకు స్విచ్చు, ఎనభై ఐదు ఎర్తు. గంతే సార్.”

ముప్పై అయిదేళ్లు తెలుగు పాఠం చెప్పిన చెవి నాది. అందులో ఒక్క మాట తీసెయ్యడానికి లేదు, కలపడానికి లేదు. ఇంటికి రాగానే ఆటవెలదిలో పెట్టాను. పద్యం రాసినవాడే దానికి వ్యాఖ్య కూడా రాసుకోవడం మర్యాద కాదంటారు. ఇంకెవరూ రాసేలా లేరు.

మెతుకుసీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం రాస్తూ, ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని మాటిచ్చాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. మనవాళ్లు ఎన్నో టీకలకు దీపిక అని పేరు పెట్టారు. నిజంగా దీపాల గురించి రాసిన దీపిక నాకు తెలిసి ఇదే.

మూలం

ముప్పదికిని బ్యాటరొప్పుగా కలుపుము
ఎనుబదేడునుండి యింత వెలుగు
స్విచ్చు నెనుబదారు చెచ్చెర తగిలించు
ఎనుబదైదు కొరకు నినుపనేల

ప్రతిపదార్థం

ముప్పదికిని = రిలే అడుగున 30 అని అచ్చు వేసిన కాలికి; బ్యాటరి = బ్యాటరీ ప్లస్సు నుంచి వచ్చే తీగను; ఒప్పుగా = మోయవలసిన కరెంటుకు తగిన లావుతో; కలుపుము = బిగింపుము; ఎనుబదేడు నుండి = 87 అను కాలి నుంచి; ఇంత వెలుగు = రెండు చేతులు చాపి చూపినంత వెలుగు, అనగా 55 వాట్ల ఫోకస్ లైట్లు రెండు; స్విచ్చున్ = డ్యాష్‌బోర్డు మీది పిల్ల స్విచ్చును; ఎనుబదారు = 86కు; చెచ్చెర = త్వరగా, నాట్లు దాటిపోవుచున్నవి గనుక; తగిలించు = తగిలింపుము; ఎనుబదైదు కొరకు = 85 అను కాలి నిమిత్తము; ఇనుపనేల = ఇనుముతోనైన నేల, అనగా ట్రాక్టర్ బాడీ.

‘బ్యాటరొప్పుగా’ అన్నచోట ఇత్వసంధి చెల్లదని చిన్నయసూరి పక్షంవారు అడ్డం పడవచ్చు. బాలవ్యాకరణం 1858 నాటిది. అప్పటికి ట్రాక్టరే పుట్టలేదు గనుక ఆ సూత్రం దీనికి వర్తించదని మా తీర్పు. ‘బ్యా’ ముందున్న ‘ని’ గురువు కాదా అని అడిగేవారు ఒకసారి మెకానిక్ షెడ్డుకు వెళ్లి ఆ మాట ఎలా పలుకుతున్నారో విని రావాలి.

తాత్పర్యం

లైట్లు తాగే కరెంటు బ్యాటరీ నుంచి రిలే గుండా నేరుగా లైట్లకు పోవాలి. స్విచ్చు ఆజ్ఞ ఇస్తే చాలు, బరువు మొయ్యకూడదు.

విశేషాలు

ఈ అంకెలు మిస్త్రీ కల్పించినవి కావు. మోటారు బళ్లలో ఏ కాలికి ఏ అంకె అన్నది జర్మనీవాళ్ల డిన్ 72552 అనే ప్రమాణం చెబుతుంది. 30 అంటే బ్యాటరీ ప్లస్సు, 15 అంటే తాళం తిప్పితే వచ్చే కరెంటు, 31 అంటే ఎర్తు. బెర్లిన్‌లోనైనా భట్టుపల్లిలోనైనా 30 ముప్పయ్యే. వేదపాఠానికి కూడా శాఖాభేదాలున్నాయి, దీనికి లేవు.

ఇక రిలే. అలసిన గుర్రాన్ని విప్పి కొత్త గుర్రాన్ని కట్టే మజిలీకి ఐరోపాలో ఆ పేరుండేది. తర్వాత టెలిగ్రాఫ్‌వాళ్లు, దూరం వచ్చి నీరసించిన కరెంటుకు బదులు కొత్త కరెంటును పంపే సాధనానికి అదే పేరు పెట్టుకున్నారు. కాజీపేటవాళ్లకు ఇంత వివరం అక్కర్లేదు. ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ దారులు కలిసే జంక్షన్ ఇది. ఇక్కడ రైలు ఆగుతుంది, డ్రైవరు దిగుతాడు, ఇంకొక డ్రైవరు ఎక్కుతాడు, రైలు మాత్రం అదే. రిలే లోపల జరిగేదీ అంతే. స్విచ్చు నొక్కితే ఆంపియర్‌లో ఐదో వంతు కూడా లేని చిన్న కరెంటు 86 నుంచి 85కు తీగచుట్టలో పారుతుంది. చుట్ట అయస్కాంతమై ఒక ఇనుపరేకును లాగుతుంది. టిక్కుమంటుంది. ఆ టిక్కుతో 30, 87 కలిసి పెద్ద కరెంటు బయల్దేరుతుంది.

‘ఒప్పుగా’ అనే పదాన్ని పాదపూరణం అనుకొని దాటెయ్యకండి. పద్యంలో ఎక్కువ లెక్క ఉన్నది అందులోనే. 55 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 4.6 ఆంపియర్లు, రెండు లైట్లకు 9.2. ఈ కరెంటును 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఐదు మీటర్లు నడిపిస్తే దారిలోనే 0.8 వోల్టు దాకా పోతుంది. పోతే పోనీ అనడానికి లేదు. ఫిలమెంటు బల్బుకు వోల్టు కాస్త తగ్గితే వెలుగు బాగా పడిపోతుంది. ఈ లెక్కన కొన్న వెలుగులో ఐదో వంతు తీగకే నైవేద్యం. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే నష్టం పదో వంతు దాటదు. మొదట లైట్లు వేసిన కుర్రాడు వాడినది ఇంట్లో కాలింగ్ బెల్లుకు వాడే తీగలాంటిది.

శంక: 18 వాట్ల ఎల్ఈడీలు రెండు పెట్టుకుంటే మొత్తం 3 ఆంపియర్లే కదా, అప్పుడు రిలే ఎందుకు?
సమాధానం: నిజమే, అక్కర్లేదు. ఇదే మాట మిస్త్రీని అడిగితే మా బావమరిదిని ఎగాదిగా చూసి, “ఇయ్యాల రెండు వెడ్తడు సార్, ఎల్లుండి ఇంకో నాలుగు పట్కొస్తడు” అన్నాడు. ఎదుటివాడు మాట్లాడలేదు గనుక సమాధానం నిలిచింది.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో, అంటే ఐదు కాళ్ల రిలేల్లో, 87 పక్కన 87ఏ అనే పాఠం కనిపిస్తుంది. తేడా ఒక్క అక్షరమే. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. స్విచ్చు వేయనప్పుడు 30తో కలిసి ఉండేది ఈ 87ఏ. లైటు దానికి తగిలిస్తే స్విచ్చు వేస్తే ఆరుతుంది, తీస్తే వెలుగుతుంది, ట్రాక్టర్ షెడ్డులో ఉన్నా రాత్రంతా వెలిగి తెల్లారేసరికి బ్యాటరీని పడుకోబెడుతుంది. ఈ పాఠం త్యాజ్యం. 85, 86 తారుమారైతే మాత్రం అర్థం చెడదు. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే చెడుతుంది. 86కు పోయే స్విచ్చు కరెంటును తాళం దాటాక తీసుకుంటే, తాళం తీయగానే లైట్లు కూడా నిద్రపోతాయి.

అధ్యాహారం

మూలంలో ఒక పెద్ద లోపం ఉంది. దాన్ని దాచలేను. ఫ్యూజ్ లేదు. బ్యాటరీకీ 30కీ మధ్య, బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ ఉన్నది లైటు కోసం కాదు, తీగ కోసం. తీగ ఎక్కడో రేకుకు రాసుకొని తోలు ఊడితే ముందు ఫ్యూజ్ పోవాలి, లేకపోతే తీగే అంటుకుంటుంది. అందుకే అది బ్యాటరీ దగ్గర ఉండాలి, లైటు దగ్గర కాదు. మరి ఎందుకు చెప్పలేదని మిస్త్రీని నిలదీశాను. “అది గూడ చెప్పాల్నా సార్? బువ్వ తినేటప్పుడు నోరు తెరువుమని చెప్తమా?” అన్నాడు. కవి చెప్పక వదిలిన పదాన్ని వ్యాఖ్యాత తెచ్చి చేర్చుకోవడం అధ్యాహారం. ఆ చేర్చుకోవడం కుర్రాడికి తెలియలేదు.

మళ్లీ ‘ఇనుపనేల’

చివర వచ్చిందని చాలామంది తేలిగ్గా తీసుకునే పదమిది. లైట్లు మిణుకుమిణుకుమన్నా, ఒకటి వెలిగి ఒకటి వెలగకపోయినా అందరూ ముందు బల్బును, తర్వాత స్విచ్చును, ఆ తర్వాత తమ జాతకాన్ని అనుమానిస్తారు. తప్పు చాలాసార్లు ఎర్తులో ఉంటుంది. రంగు మీద, తుప్పు మీద బిగించిన బోల్టు గుండా కరెంటు సరిగా తిరిగి పోదు. మిస్త్రీ ఉప్పుకాగితం తీసుకొని ఫెండర్ కింద రూపాయి బిళ్లంత మేర ఎర్ర రంగు గీకేశాడు. తెల్లగా ఇనుము కనిపించేదాకా గీకాడు. కొత్త ట్రాక్టర్ రంగు పోతోందని మా బావమరిది ప్రాణం విలవిల్లాడింది. మిస్త్రీ పళ్లున్న వాషర్ వేసి, బోల్టు బిగించి, పైన గ్రీజు పూశాడు. లైట్ల తీగలకూ 85కూ అదే బోల్టు. పద్యం మొత్తంలో నాకు నచ్చిన పదం ఇదే. ఛందస్సు కోసం వేసుకున్నాను, తీరా చూస్తే పని మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి ఒరం కనిపిస్తుంది. పురుగులు కూడా కనిపిస్తాయి, నోరు మూసుకొని దున్నుకోవాలి. ఒక్క విన్నపం. మల్లినాథుడు తన వ్యాఖ్యకు పేరుగా పెట్టుకున్న ఘంటాపథం అంటే రాజమార్గం. మడికొండ, కాజీపేటల మీదుగా పోయే హైదరాబాద్ రోడ్డూ అలాంటిదే. పొలంలోంచి దాని మీదికి ఎక్కే ముందు వెనక ఫోకస్ లైటు ఆపండి. మీ వెనక వచ్చే బైకువాడికి అది కంట్లో కారం.