వలలో చిక్కిన విశ్రాంతి

వారాంతము వచ్చుటయే తడవుగా భాగ్యనగరమునుండి కార్లలో బయలుదేరి, వికారాబాదు దాటి అనంతగిరి చేరువనున్న రిసార్టులలో దిగి, రెండు చెట్ల నడుమ వ్రేలాడు వల ఊయలలో మేను వాల్చిననేగాని తమకు విశ్రాంతి లభింపదని దృఢముగా నమ్ము మహాజనులు నానాటికి వృద్ధి పొందుచున్నారు. వేపచెట్టు క్రింద నులకమంచము వాల్చుకొని తాత పోయినది ఒట్టి నిద్రయట. హ్యామక్కులో మనుమడు పొందునది ప్రకృతితో తాదాత్మ్యమట! తాదాత్మ్యమును గది యద్దెలో కలిపి వసూలుచేయు పద్ధతి ఏ వేదాంతగ్రంథమునందును కానరాదు గాని, రిసార్టులు నడుపువారు శంకరభగవత్పాదులకంటె వ్యవహారజ్ఞులు.

ఈ ఊయల విలాసమునకై పుట్టినది కాదు. కరిబియను దీవుల టైనో జనులు నేల తేమనుండియు, పురుగుపుట్రల బారినుండియు తప్పించుకొనుటకై నూలుతో వలలల్లుకొని వానియందు నిద్రించెడివారు. 1492లో కొలంబసు ఆ దీవులలో దిగి, వానిని చూచి దినచర్యలో వ్రాసికొనెను, పిదప బంగారమెక్కడనని యడిగెను. కాలక్రమమున ఆంగ్లేయ యుద్ధనౌకలవారు దానిని కాన్వాసుగుడ్డతో కుట్టించి నావికులకు పంచిపెట్టిరి. ఒక్కొక్కనికి నియమించిన చోటు వెడల్పున 14 అంగుళములు. ప్రక్కవాని మోచేయి డొక్కలోను, వాని గురక చెవిలోను దూరుచుండగా పండుకొనియున్న యా నావికునితో "అయ్యా, తమరిపుడు పరమశాంతి ననుభవించుచున్నారు" అని నేటి ప్రకటనకర్త యెవడేని పలికియుండినచో, వాడు తెల్లవారకమునుపే సముద్రము పాలయ్యెడివాడు.

ఇక శాస్త్రప్రమాణము. 2011లో జెనీవా విశ్వవిద్యాలయమువారు పండ్రెండుగురు పురుషులను మధ్యాహ్నవేళ 45 నిమిషములు పండుకొనబెట్టి, మెల్లగా నూపినచో త్వరగా నిద్రపట్టునని తేల్చిరి. సత్యమే, కాని వారిని పండుకొనబెట్టినది మంచముమీద, వలలో కాదు, వారి తలలకు తీగలు తగిలించిరే గాని చేతులకు సెల్‌ఫోనులు తగిలింపలేదు. ఊపినచో నిద్రవచ్చునన్న సంగతికి మూడునెలల బిడ్డ సాక్ష్యము చాలును.

చూడదగిన చోద్యము ఆరోహణఘట్టము. పటములో సొంపుగా కనబడవలెనని వలను వీణాతంత్రివలె బిగించి కట్టుదురు. త్రాడు అడ్డముగా గీచిన గీతకు 30 డిగ్రీల వాలులోనున్నచో ఒక్కొక్క చెట్టు భరించు లాగుడు పండుకొన్నవాని బరువంత. 10 డిగ్రీలకు బిగించిరా, ఇంచుమించు మూడు రెట్లు! అనగా 80 కిలోల యజమాని తాదాత్మ్యము చెందుచున్నంతసేపు, ప్రకృతి తరఫున నిలిచిన చెట్టు 230 కిలోల లాగుడును సన్నని త్రాడు కోతను తన బెరడుపై సహింపవలెను. అది చాలక, వల విప్పారి కనబడుటకు రెండు కొనలను కఱ్ఱలు దూర్చుదురు. ఆ కఱ్ఱల పుణ్యమున నది మనుజుని ఒడిసిపట్టుటకు మారుగా బోర్లద్రోయుటకే సిద్ధపడియుండును. యుకటాను ప్రాంతపు మాయాజనుల ఊయలలకు కఱ్ఱలుండవు. వారు వదులుగా కట్టి, అందు ఐమూలగా శయనించి, వెన్నును చదునుగా నుంచుకొందురు. మనవాడో, నిట్టనిలువున పడి, నడుము క్రుంగి, మోకాళ్లు గడ్డమునంటగా, భార్యను మండుటెండలో నిలబెట్టి పటము తీయించుకొని, "ప్రశాంతముగా నున్నాను" అని నలుబదిమందికి ఒక్కమారుగా తెలియజేసి, వారి జవాబులకై ఫోను వంక చూచుచుండును. ఇంతలో వెనుక వరుసలో నిలిచినవారు "అన్నా, మీదయిపోయిందా?" అని తొందరపెట్టుదురు.

మనకీ విద్య క్రొత్తది కాదు. నాట్లకు పోయిన తల్లి గట్టుమీది తుమ్మకొమ్మకు పాతచీర కట్టి బిడ్డను పండుకొనబెట్టును. ఆమె కా నీడన కూర్చుండుటకైనను తీరిక లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమున, దారిలేని గూడెములనుండి పురిటినొప్పులు పడుచున్న స్త్రీలను నేటికిని కఱ్ఱకు దుప్పటి కట్టిన డోలీలలో మోసికొని, వాగులు దాటి, అంబులెన్సు నిలిచిన రోడ్డువరకు దించుచున్నారు. అదియు రెండు కొనల నడుమ వ్రేలాడునదే; చెట్లకు బదులు మనుష్యుల భుజములు. పచ్చని లోయలు, కొండగాలి, పక్షికూజితములు, మెల్లనియూపు, ప్రకటనలలో వర్ణింపబడు సమస్తమును ఆ ప్రయాణమున ఉచితముగనే లభించుచున్నది. ఆ యిల్లాలికి రసికత చాలదు కాబోలు, ఒక్క కొండనైనను కన్నెత్తి చూడదు.